లిండ్సే ‘త్రీ ఎస్టేట్స్’ ఏ ముద్రణలో చదవాలి? పాత స్కాట్స్ నీతి నాటకాలు కొనేవారికి

గుణాలూ దుర్గుణాలే పాత్రలుగా నడిచే స్కాట్లండ్ పాత నీతి నాటకాల కోసం వెతికితే, ఎటు తిరిగినా సర్ డేవిడ్ లిండ్సే దగ్గరికే చేరతాం. ఆయన రాసిన ‘ఏన్ సటైర్ ఆఫ్ ద త్రీ ఎస్టేటిస్’ తప్ప ఆ కోవలో పూర్తి పాఠంతో దక్కిన నాటకం స్కాట్స్‌లో, అంటే ఇంగ్లిషుకు దగ్గరి చుట్టమైన స్కాట్లండ్ భాషలో, లేదనే చెప్పాలి. ఆ పేరు ఆన్‌లైన్ దుకాణంలో కొట్టగానే ఒకదాని కింద ఒకటి ముద్రణలు వచ్చిపడతాయి. అట్టలు వేరు, ధరలు వేరు. లోపలి నాటకమే వేరు కావచ్చన్న సంగతి మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఒక పుస్తకంలో నాలుగున్నర వేల పంక్తులు దాటిన పూర్తి నాటకం ఉంటుంది. ఇంకోదాంట్లో కథ తీసేసి విడివిడిగా పేర్చిన ఎనిమిది ఘట్టాలుంటాయి. మరోదాంట్లో 1948 నాటి ప్రదర్శన కోసం కత్తిరించిన పాఠం. కాబట్టి ధర, కాగితం, బైండింగ్ తర్వాత చూసుకోవచ్చు. ఆ పుస్తకాన్ని ఏ మూలం నుంచి అచ్చు వేశారు, అందులో ఏం వదిలేశారు అన్నది ముందు తేల్చుకోవాలి.

మూలాలు రెండు

లిండ్సే స్కాట్లండ్ రాజాస్థానంలో పనిచేసినవాడు, ‘లయన్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్’ అనే పదవిలో, అంటే రాజచిహ్నాలూ వేడుకలూ చూసే ప్రధానాధికారిగా ఉన్నవాడు. 1540 జనవరి 6న లిన్లిత్‌గో రాజభవనంలో అయిదో జేమ్స్ రాజు, రాణి మేరీ డి గీజ్ ఎదుట ఒక చిన్న నాటకం ఆడారు. దాని పాఠం దొరకలేదు. సర్ విలియం యూర్ అనే ఇంగ్లిషు అధికారి ఇంగ్లండ్ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరంలో దాని వర్ణన మాత్రం ఉంది. పెద్ద నాటకాన్ని 1552 జూన్ 7న ఫైఫ్‌లోని క్యూపర్ పట్టణంలోనూ, 1554 ఆగస్టు 12న ఎడిన్‌బరో పక్కన గ్రీన్‌సైడ్ మైదానంలోనూ ఆడారు. మరుసటి ఏడే, అంటే 1555లో, లిండ్సే పోయాడు.

ఆ నాటకం మన దాకా వచ్చిన దారులు రెండే. మొదటిది జార్జ్ బన్నటైన్ చేతిరాత ప్రతి. 1568లో ఎడిన్‌బరోలో మహమ్మారి ప్రబలినప్పుడు ఈ యువ వర్తకుడు తనకు దొరికిన స్కాట్స్ కవిత్వమంతా రాసి పెట్టుకున్నాడు. లిండ్సే నాటకం నుంచి హాస్య ఘట్టాలు ఏరుకుని, గంభీరమైన భాగం చాలావరకు వదిలేశాడు. ఆ దురాచారాలు దేవుడి దయవల్ల స్కాట్లండ్‌లో ఇప్పటికే చక్కబడ్డాయి కాబట్టి వదిలేశానని తనే రాసుకున్నాడు. ప్రొటెస్టెంట్ మత సంస్కరణ ఉద్యమం గెలిచిన తర్వాతి మాట అది. ఘట్టాల వరుస కూడా ఇతని ప్రతిలో మారిపోయింది. అయితే ఇంకెక్కడా దొరకని ఒక భాగం ఇందులో ఉంది. క్యూపర్‌లో నాటకానికి ముందు ఊళ్లో ఆడిన చాటింపు ఘట్టం అది. దాన్ని ‘క్యూపర్ బాన్స్’ అంటారు. భార్యకు భయపడే పాలేరు, డప్పాలు కొట్టే పిరికి సైనికుడు, పడుచు భార్యకు తాళం వేసుకునే ముసలాడు అందులోని వేషాలు.

రెండోది 1602లో ఎడిన్‌బరోలో రాబర్ట్ చార్టెరిస్ అచ్చు వేసిన క్వార్టో, అంటే కాగితాన్ని నాలుగు మడతలు చేసి కుట్టిన పుస్తకం. నాటకం మొదటి నుంచి చివరి దాకా ఇందులో ఉంది. చాటింపు ఘట్టం లేదు.

ఈ తేడా తెలిస్తే ఏ ముద్రణనైనా రెండు నిమిషాల్లో అంచనా వేయొచ్చు. విషయసూచికలో ‘బాన్స్’ గానీ ‘ప్రొక్లమేషన్’ గానీ ఉందా చూడండి. రెండో భాగంలో పార్లమెంటు సమావేశమై, ప్రజాహితానికి ప్రతినిధి అయిన ‘జాన్ ద కామన్‌వీల్’ ఫిర్యాదు చేసి, చివర చట్టాలు చదివే ఘట్టం పూర్తిగా ఉందా చూడండి. రెండూ ఉంటే సంపాదకుడు రెండు మూలాలనూ వాడుకున్నాడు. పార్లమెంటు ఒక్కటే ఉంటే అది 1602 పాఠం. శీర్షికలోనే ‘ఇంటర్‌లూడ్స్’ అని బహువచనం కనిపిస్తే అది బన్నటైన్ దారి. 1792లో జాన్ పింకర్టన్ ‘అరుదైన ముద్రణల నుంచి పునర్ముద్రించిన స్కాటిష్ పద్యాలు’ అనే అర్థమిచ్చే పేరుతో మూడు సంపుటాలు వేశాడు. అందులో ఉన్నది ఈ ఎనిమిది ఘట్టాల రూపమే. నేటి చవక పునర్ముద్రణల్లో అదీ తిరుగుతోంది. చారిత్రకంగా విలువైన పుస్తకమే. మొదటిసారి చదివేవారికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే కథ అర్థం కాదు.

ఏం పోతే నాటకం పోయినట్టు

రెక్స్ హ్యుమానిటాస్ అనే యువరాజు ఉంటాడు. మంచివాడే గానీ చుట్టూ వాంటన్‌నెస్, ప్లాసిబో, సాలెస్ అనే విలాస సహచరులు చేరి అతణ్ని డేమ్ సెన్సువాలిటీ (భోగలాలస) వశం చేస్తారు. ఫ్లాటరీ (ముఖస్తుతి), ఫాల్సెట్ (అబద్ధం), డిసీట్ (మోసం) అనే ముగ్గురు దుర్గుణాలు మతగురువుల వేషం వేసుకుని, భక్తి, జ్ఞానం, వివేకం అన్న దొంగ పేర్లతో కొలువులో చేరతారు. ఇంగ్లిషు బైబిలు పట్టుకొచ్చిన వెరిటీని (సత్యాన్ని) బొండకొయ్యలో బిగిస్తారు. ఛాస్టిటీని (శీలాన్ని) మఠాధిపురాలు గెంటేస్తుంది, బిషప్పులు గెంటేస్తారు. చివరికి చెప్పులు కుట్టేవాడూ దర్జీ చోటిస్తే వాళ్ల పెళ్లాలు తరిమి కొడతారు. ఆమెదీ బొండకొయ్యే. డివైన్ కరెక్షన్ (దైవ దండన) వచ్చి రాజును నిద్ర లేపడంతో మొదటి భాగం ముగుస్తుంది.

నాటకానికి గుండెకాయ ఆ తర్వాత వచ్చే విరామ ఘట్టం. విరామంలో జనం లేచి తిరుగుతుండగా చినిగిన బట్టల పేదవాడు రంగం మీదికి ఎక్కుతాడు. పేరు పాపర్. తండ్రి పోయినప్పుడు భూస్వామి గుర్రాన్ని తోలుకుపోయాడు, ఊరి చర్చి గురువు, అంటే వికార్, మంచి ఆవును పట్టుకుపోయాడు. తల్లి పోయినప్పుడు రెండో ఆవు పోయింది. ఆ దిగులుతో భార్య మెగ్ పోతే మూడోది. పైబట్టలు కూడా వికార్ గుమాస్తా మోసుకుపోయాడు. న్యాయం అడగడానికి సెయింట్ ఆండ్రూస్ వెళ్తుంటే దారిలో పాపపరిహార పత్రాలు అమ్మే పార్డనర్ తగులుకుంటాడు. పురాణ వీరుడు ఫిన్ మెకూల్ దవడ ఎముక, సరిహద్దు దోపిడీదారు జానీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఉరితీసిన తాడు వాడి పవిత్ర వస్తువులు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను నిజంగానే 1530లో ఉరితీశారు కాబట్టి అప్పటి ప్రేక్షకులకు అది ఇటీవలి వార్తే.

రెండో భాగంలో మూడు ఎస్టేట్లు, అంటే మతాధికారులు, ప్రభువులు, పట్టణ వర్తకులు, తమ తమ దుర్గుణాలు ముందుండి నడిపిస్తుంటే వెనక్కి నడుస్తూ రంగంలోకి వస్తారు. పార్లమెంటు ముగిశాక థెఫ్ట్, డిసీట్, ఫాల్సెట్‌లను రంగం మీదే ఉరితీస్తారు. ఫ్లాటరీ తన స్నేహితుల్ని పట్టిచ్చి తప్పించుకుంటాడు. ఆఖర్న ఫాలీ (వెర్రితనం) వచ్చి వెర్రి ప్రసంగం చేస్తాడు.

పాపర్ విరామ ఘట్టం, వెనక్కి నడిచే ప్రవేశం, ఉరి, ఈ మూడూ వరుసగా లేని పుస్తకం మీ చేతికి వస్తే అది పూర్తి నాటకం కాదు. విద్యార్థుల సంకలనాల్లో సాధారణంగా పాపర్ ఘట్టం ఒక్కటే విడిగా ఇస్తారు. రుచి చూడటానికి అది చాలు. నాటకం మీద వ్యాసం రాయడానికి చాలదు.

ఎవరికి ఏది

ఒక్కటే కొనాలనుకునే మామూలు పాఠకుడికి మా సలహా: రోడరిక్ లయాల్ సంపాదకత్వంలో 1989లో కానన్‌గేట్ క్లాసిక్స్ వరుసలో వచ్చిన పుస్తకం. పాత స్పెల్లింగు ఉంచారు, నాటకం మొత్తం ఉంది, చేతిలో పట్టే పేపర్‌బ్యాక్. కొత్త ప్రతి దొరక్కపోతే పాతదైనా సరే. ఈ నాటకానికి పాత ప్రతి కొనడంలో నష్టమేమీ లేదు. అయితే అంతకుముందు చదివినవాళ్లు అంచుల్లో పెన్సిలు రాతలు నింపి ఉంటే పదాల అర్థ వివరణలు చదవడం ఇబ్బంది అవుతుంది. అమ్మేవాణ్ని లోపలి పేజీ ఫోటో అడగండి.

నీతి నాటకం అనే ప్రక్రియనే అర్థం చేసుకోవాలనుకునేవారికి పీటర్ హాపే కూర్చిన ‘ఫోర్ మొరాలిటీ ప్లేస్’ (పెంగ్విన్, 1979) మేలు. ‘ద కాజిల్ ఆఫ్ పర్సివరెన్స్’, స్కెల్టన్ ‘మాగ్నిఫిసెన్స్’, జాన్ బేల్ ‘కింగ్ జోహన్’ పక్కన లిండ్సే నాటకం నాలుగోదిగా ఉంటుంది. ఇంగ్లండ్ నాటకాల పక్కన పెట్టి చూస్తేనే లిండ్సే ఎక్కడ తెగించాడో కనిపిస్తుంది. ‘పర్సివరెన్స్’లో ఒక మనిషి ఆత్మ కోసం పోరు జరుగుతుంది. లిండ్సేలో ఆ పోరు మొదటి భాగంతోనే తీరిపోయి, రెండో భాగం దేశ పరిపాలన మీదికి మళ్లుతుంది. ఇంగ్లిషు ఎం.ఏ. విద్యార్థికి లయాల్ కంటే ఇదే ఎక్కువ ఉపయోగం. గ్రెగ్ వాకర్ ‘మీడీవల్ డ్రామా: ఏన్ ఆంథాలజీ’ (బ్లాక్‌వెల్, 2000)లో కూడా లిండ్సే ఉన్నాడు. అది కొనుక్కునే పుస్తకం కంటే లైబ్రరీలో చూసుకునే పుస్తకం. బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. మధ్యయుగ నాటకం మొత్తం మీద ఆసక్తి ఉంటే తప్ప సొంతానికి అక్కర్లేదు.

పరిశోధన చేసేవారు డగ్లస్ హేమర్‌ను తప్పించుకోలేరు. స్కాటిష్ టెక్స్ట్ సొసైటీ కోసం ఆయన చేసిన నాలుగు సంపుటాలు 1931 నుంచి 1936 దాకా వచ్చాయి. నాటకం రెండో సంపుటంలో ఉంది, అదీ బన్నటైన్ పాఠం, చార్టెరిస్ పాఠం రెండూ. ఇక్కడ జనం మోసపోయే చోటు ఒకటుంది. పాత పుస్తకాల దుకాణాల్లో రెండో సంపుటం విడిగా దొరుకుతుంది. నాటకం వచ్చేసింది కదా అని కొంటారు. తీరా చూస్తే టిప్పణులూ పదకోశమూ ఆ తర్వాతి సంపుటాల్లో. రెండో సంపుటం ఒక్కటే కొంటే వివరణ అనేదే లేని నాలుగున్నర వేల పంక్తులు మిగులుతాయి. నాలుగూ కలిపి దొరికితే కొనండి, లేదా లైబ్రరీలో నాలుగూ ముందు పెట్టుకుని కూర్చోండి.

జేమ్స్ కిన్‌స్లీ 1954లో కాసెల్ సంస్థ ద్వారా తెచ్చిన పుస్తకం ముద్రణలో లేదు. చవగ్గా కనిపిస్తే తీసుకోవచ్చు. లయాల్ ఉన్నవారికి అదనంగా అవసరం లేదు.

1967లో హైన్‌మన్ వేసిన సన్నటి పుస్తకం గురించి కాస్త జాగ్రత్త. మాథ్యూ మెక్‌డయార్మిడ్ పేరు చూసి పూర్తి పాఠమనుకుంటారు. 1948 ప్రదర్శన కోసం రాబర్ట్ కెంప్ చేసిన రంగస్థల పాఠం మీద ఆధారపడిన పుస్తకం అది. చదవడానికి హాయిగా ఉంటుంది. పంక్తులు ఉటంకించడానికి మాత్రం వాడకండి. మీరు రాసిన పంక్తి లిండ్సేదో కెంప్‌దో పరీక్షకుడికి అనుమానం వస్తుంది.

పాత ముద్రణల పునర్ముద్రణలు

హక్కులు తీరిపోయిన 19వ శతాబ్దపు ముద్రణలను ఆర్డరు వచ్చినప్పుడు ఒక్కో ప్రతి అచ్చు వేసి అమ్మే సంస్థలు చాలా ఉన్నాయి. లిండ్సే విషయంలో అవి ఎక్కువగా వాడేవి రెండు. డేవిడ్ లేంగ్ 1879లో మూడు సంపుటాల్లో తెచ్చిన కవితా సర్వస్వం ఒకటి. ఎర్లీ ఇంగ్లిష్ టెక్స్ట్ సొసైటీ అయిదు భాగాలుగా వేసిన లిండ్సే రచనల్లో నాలుగోది, 1869లో వచ్చిన ‘సటైర్’ ఇంకొకటి. ఈ రెండోదాని సంపాదకుడు ఫిట్జ్ఎడ్వర్డ్ హాల్. కాశీ సంస్కృత కళాశాలలో పనిచేసి, ధనంజయుడి ‘దశరూపకా’న్ని పరిష్కరించి 1865లో కలకత్తాలో వెలువరించిన హాల్ ఈయనే. రూపక లక్షణాల గ్రంథాన్నీ, స్కాట్స్ నీతి నాటకాన్నీ నాలుగేళ్ల తేడాలో ఒకే మనిషి పరిష్కరించడం మన నాటక విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయమే.

ఈ పునర్ముద్రణల్లో రెండు రకాలున్నాయి. అమ్మేవారు ఆ తేడా చెప్పరు. ఒకటి పాత పేజీలను ఫోటో తీసి యథాతథంగా అచ్చు వేసినది. అక్షరాలు మసకగా ఉండొచ్చు, పేజీ ఒంకరగా ఉండొచ్చు, గ్రంథాలయ ముద్రలు కనిపించొచ్చు. అయినా పాఠం నమ్మదగ్గదే. రెండోది కంప్యూటరు గుర్తించిన అక్షరాలను మళ్లీ కూర్చి వేసినది. పాత స్కాట్స్‌కు ఇది ప్రమాదకరం. ఎందుకంటే యంత్రం ఆధునిక ఇంగ్లిషును ఊహించుకుని చదువుతుంది. పాత స్కాట్స్‌లో ‘యోఖ్’ అనే అక్షరం ఉండేది, చూడటానికి తోకున్న 3 అంకెలా. దాన్ని అచ్చు పనివాళ్లు ‘జెడ్’తో సరిపెట్టారు. యంత్రం దాన్ని ఒకచోట 3 అనీ, ఒకచోట ‘జి’ అనీ, ఇంకోచోట ‘జెడ్’ అనీ రాస్తుంది. ‘యు’, ‘వి’, ‘డబ్ల్యు’ ఒకదాని బదులు ఒకటి వాడే అలవాటు దీనికి తోడు. 18వ శతాబ్దపు అచ్చయితే పొడుగు ‘ఎస్’ అంతా ‘ఎఫ్’ అయిపోతుంది. అంచున అయిదేసి పంక్తులకు వేసిన సంఖ్యలు పద్యం మధ్యలోకి వచ్చి చేరతాయి. కుదించిన పాత్రల పేర్లు పంక్తిలో కలిసిపోయి, ఎవరి మాట ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. అడుగు టిప్పణులు సంభాషణలో దూరతాయి. అలాంటి పుస్తకాన్ని సరిదిద్దుకుంటూ చదవడం కంటే లయాల్ పాత ప్రతి కొనడం చవక.

కొనేముందు ఇలా చూడండి. పుటల సంఖ్య మొదటి గుర్తు. పంక్తికి పంక్తి వేస్తే పేజీకి ముప్పై, ముప్పై రెండు పట్టినా నాటకానికే 145 నుంచి 155 పేజీలు కావాలి. 60, 80 పేజీలని రాసి ఉంటే అది ఎంపిక చేసిన భాగాలో, సంకలనంలోంచి విడదీసిన ముక్కో అయి ఉంటుంది. తర్వాత సంపుటం సంఖ్య చూడండి. మూడు సంపుటాల లేంగ్‌లో నాటకం ఏ సంపుటంలో ఉందో ఉచిత స్కానులో సరిచూసుకున్నాకే ఆర్డరు పెట్టండి, అమ్మేవాడి పేజీలో మూడింటికీ ఒకటే వర్ణన ఉంటుంది. ఆ పైన లోపలి పేజీ నమూనా ఇచ్చారా చూసి, అసలు ముద్రణ సంవత్సరం, సంపాదకుడి పేరు ఉన్న శీర్షిక పేజీ వెతకండి. ఆ పేజీయే తీసేసిన పుస్తకాన్ని కొనకపోవడమే మేలు. అంచులు కోసేసిన పుస్తకాలు కూడా వస్తాయి. అలాంటి వాటిలో పంక్తి సంఖ్యలు సగం మాయమై, ఏ వ్యాసంలోని ప్రస్తావననూ వెతుక్కోలేని పరిస్థితి వస్తుంది.

1869 ముద్రణ, లేంగ్ ముద్రణ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. కాగితం మీద చదవాలన్న కోరిక బలంగా ఉంటే తప్ప, వాటి పునర్ముద్రణకు డబ్బు పెట్టడంలో అర్థం లేదు. పెద్ద తెరలో, పది అంగుళాల ట్యాబ్లెట్ లాంటి దాంట్లో, స్కాను చక్కగా కనిపిస్తుంది. ఫోనులో అయితే పంక్తి పూర్తిగా పట్టక ప్రాస పోతుంది.

లిండ్సే చాలక ఇంకా కావాలంటే

స్కాట్లండ్ నీతి నాటకాల సంకలనం కావాలని వచ్చేవారు ‘ఫిలోటస్’, బుకానన్, అలెగ్జాండర్ కూడా ఒకే అట్టలో ఉండాలని ఆశిస్తారు. ఇవి మూడు వేర్వేరు దారుల్లో వస్తాయి, మూడింటినీ విడిగానే వెతకాలి.

‘ఫిలోటస్’ను 1603లో అదే రాబర్ట్ చార్టెరిస్ అచ్చు వేశాడు, 1612లో ఆండ్రో హార్ట్ మళ్లీ వేశాడు. రచయిత ఎవరో తెలియదు. ముసలాడు పడుచుపిల్లను పెళ్లాడితే వచ్చే అనర్థాల గురించి అని శీర్షికలోనే చెప్పుకుంది. ఎనభై ఏళ్ల ఫిలోటస్ ఎమిలీని కట్టుకోవాలనుకుంటాడు. ఆమె మగవేషంలో ప్రియుడితో పారిపోతుంది. అచ్చం ఆమెలాగే ఉండే అన్న ఫిలెర్నోను ఆమే అనుకుని ముసలాడు ఇంటికి తెచ్చుకుంటాడు. ఆడవేషంలోని మగపిల్లాణ్ని ముసలి పెళ్లికొడుక్కి అంటగట్టే తంతు ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు, మహేశంల దగ్గర చూసినవాళ్లం మనం. రెండింటికీ ఏ సంబంధమూ లేదు గానీ, తెలుగు పాఠకుడు ‘ఫిలోటస్’లో పరాయితనం లేకుండా నవ్వగలడు. కథ బార్నబీ రిచ్ 1581లో వేసిన కథల పుస్తకం నుంచి తీసుకున్నది. నమ్మదగిన పాఠం అన్నా జీన్ మిల్ పరిష్కరించి 1933లో స్కాటిష్ టెక్స్ట్ సొసైటీ మిసెలనీ సంపుటంలో వేసినది. బన్నటైన్ క్లబ్ 1835 ముద్రణ కూడా ఉంది. లిండ్సే తర్వాత రెండో పుస్తకంగా మేం సూచించేది ఇదే.

జార్జ్ బుకానన్ ‘జెఫ్తీస్’, ‘బాప్టిస్టీస్’ లాటిన్ విషాద నాటకాలు. బోర్డోలో పాఠాలు చెబుతున్నప్పుడు విద్యార్థుల కోసం రాశాడు. అప్పటి విద్యార్థి మాంటేన్ తాను బుకానన్ నాటకాల్లో వేషం కట్టానని తన వ్యాసాల్లో చెప్పుకున్నాడు. లాటిన్, ఇంగ్లిషు అనువాదం రెండూ ఇచ్చే పుస్తకం షారట్, వాల్ష్‌లది (స్కాటిష్ అకడమిక్ ప్రెస్, 1983). మాట ఇచ్చి కూతుర్ని బలి ఇవ్వాల్సి వచ్చిన తండ్రి ధర్మసంకటం, నిరంకుశ రాజు ముందు నిజం చెప్పిన ప్రవక్త, ఇవీ కథలు. లిండ్సే నవ్వు ఇక్కడ వెతక్కండి.

విలియం అలెగ్జాండర్ ‘మొనార్కిక్ ట్రాజెడీస్’ ఆడటానికి రాసినవి కావు, చదువుకోవడానికి రాసినవి. మొదటగా 1603లో ‘డారియస్’ వచ్చింది, 1607 నాటికి ‘క్రీసస్’, ‘అలెగ్జాండ్రియన్’, ‘జూలియస్ సీజర్’ చేరి నాలుగయ్యాయి. రాజుల పతనం మీద కోరస్ దీర్ఘంగా నీతి చెబుతుంది. ఒక్కో ముద్రణలో ఆయన స్కాట్స్ రూపాలు తీసేసి ఇంగ్లిషు రూపాలు పెడుతూ పోయాడు కాబట్టి భాషా చరిత్ర చదివేవారికి మంచి వనరు. కాస్ట్‌నర్, చార్ల్టన్‌ల సంపుటాల్లో నాటకాలున్నది 1921 నాటి మొదటిదాంట్లో. మిగతావారు డబ్బు మిగుల్చుకోవచ్చు.

పాత స్పెల్లింగా, కొత్త స్పెల్లింగా

కొత్త స్పెల్లింగు సులువనిపిస్తుంది. కానీ ఇది ప్రాసలతో నడిచే నాటకం. స్కాట్స్‌లో ‘ఏన్’, ‘గేన్’ కలుస్తాయి. వాటిని ‘వన్’, ‘గాన్’ చేస్తే ప్రాస చస్తుంది. సంపాదకుడు ఒక పంక్తి మార్చి ఇంకోటి మార్చకుండా రాజీ పడతాడు, ఫలితం అటూ ఇటూ కాని భాష. పాత స్పెల్లింగుకు అలవాటు పడటానికి మొదటి రెండు మూడు వందల పంక్తులు చాలు, గట్టిగా చదివితే. ‘క్యు-యు-హెచ్’తో మొదలైతే ‘డబ్ల్యు-హెచ్’ అనుకోండి. ‘ఎస్-సి-హెచ్’ చాలాచోట్ల ‘ష’. పదం చివర ‘ఐ-ఎస్’ బహువచనం, ‘ఐ-టి’ భూతకాలం. యోఖ్ బదులు వేసిన ‘జెడ్’ను ‘య’ అని చదవండి.

మిగిలిన పదాలకు ‘డిక్షనరీ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్’ ఆన్‌లైన్‌లో ఉచితం. 1700 దాకా ఉన్న పాత స్కాట్స్‌కు 12 సంపుటాల నిఘంటువు, ఆ తర్వాతి కాలానికి 10 సంపుటాల నిఘంటువు రెండూ అందులో కలిపారు. వెతికేటప్పుడు పాత భాగాన్ని ఎంచుకోండి. పదాన్ని ఆధునిక రూపంలోకి మార్చకుండా పుస్తకంలో ఉన్నట్టే ‘క్యు’ కింద వెతకండి. దొరక్కపోతే ‘యు’ తీసి ‘వి’ గానీ ‘డబ్ల్యు’ గానీ పెట్టి చూడండి. వివరణ అదే పేజీలో ఉందా, పుస్తకం చివర పదకోశంగా ఉందా అన్నది కొనేముందే చూసుకోవాల్సిన విషయం. ప్రతి పంక్తికీ చివరి పేజీలకు పరిగెత్తాల్సి వస్తే రెండో భాగం చేరకముందే పుస్తకం మూసేస్తారు.

ఉటంకించేటప్పుడు ఎవరి ముద్రణో తప్పక రాయండి. బన్నటైన్ వరుస వేరు కాబట్టి ఒక ముద్రణలోని పంక్తి సంఖ్య ఇంకోదాంట్లో వేరే చోట తేలుతుంది.

ఆడాలనుకునేవారికి

1568లో లిండ్సే రచనలు వేసిన హెన్రీ చార్టెరిస్, ఎడిన్‌బరో ప్రదర్శన ఉదయం తొమ్మిది గంటల నుంచి సాయంత్రం ఆరు దాకా సాగిందని ముందుమాటలో రాశాడు. కోత లేకుండా ఆడటం ఇప్పుడు అరుదు, అసాధ్యం మాత్రం కాదు. 2013లో లిన్లిత్‌గోలో పూర్తి నాటకం ఆరుబయట ఆడారు. 1948 ఎడిన్‌బరో ఉత్సవంలో టైరోన్ గత్రీ దర్శకత్వంలో, చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ అసెంబ్లీ హాలులో, ప్రేక్షకుల మధ్యకు చొచ్చుకొచ్చిన వేదిక మీద ఆడినది కెంప్ కుదించిన పాఠం.

కెంప్ పాఠం నాటక బృందానికి సిద్ధంగా ఉన్న వంటకం. అయితే ఆయన 1967లో పోయారు కాబట్టి బ్రిటన్‌లో హక్కులు 2037 చివరి దాకా ఉంటాయి, అనుమతి తీసుకోవాలి. లిండ్సే మూలానికి అలాంటి అడ్డు లేదు. 1869 ముద్రణ దించుకుని సొంతంగా కుదించుకోవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు. అలా చేసేవారు ముందు తీసేయదగ్గవి రెండో భాగంలో డాక్టరు చేసే దీర్ఘ మతబోధ, పార్లమెంటు చట్టాల పూర్తి పఠనం. చట్టాల్లో రెండు మూడు ఉంచితే సరిపోతుంది. ఛాస్టిటీని వరుసగా గుమ్మాల దగ్గర గెంటేసే భాగాన్ని మాత్రం కుదించకండి. మఠం నుంచి దర్జీ ఇంటి దాకా ఒక్కో మెట్టు దిగితేనే నవ్వు పుడుతుంది. పాపర్‌ను ప్రేక్షకుల మధ్యలోంచే రానివ్వండి, హాలు దీపాలు వెలిగే ఉండాలి. 1602 పాఠంలో అతను ఎక్కేది విరామంలోనే.